లస్కరు తాతారావుగారి అమ్మాయి

మా ఆవిడ వాసవికి యాభై రెండేళ్ళు. ఢిల్లీలో ఒక సర్కారు బడిలో లైబ్రేరియన్. బీపీ లేదు, షుగరు లేదు, నా మాట వినే అలవాటూ లేదు. మొదటి రెండింటికీ నాకు సంతోషమే. మూడోదాని గురించే ఈ రాత.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నా పేరు శేషగిరి. ఇరవై రెండో ఏట భీమవరంలో రైలెక్కి వచ్చి, ఒక మంత్రిత్వశాఖలో గుమస్తాగా చేరి, మెల్లగా మెట్లెక్కి అండర్ సెక్రటరీ అయ్యాను. ఆర్.కె.పురంలో సర్కారు క్వార్టరు. ఎవరైనా ఏదైనా చేస్తామని ఫైలు పంపితే, అది ఎందుకు చేయకూడదో మర్యాదగా రాసి తిప్పి పంపడం నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళుగా అదే చేస్తే మనిషికి ఇంట్లో కూడా అదే బుద్ధి వస్తుంది. నాకు వచ్చింది. దాచడం దేనికి.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి నేహా గుర్‌గావ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసులో అందరూ కొంటున్నారని తనూ ఒక సైకిలు కొంది. గ్రావెల్ బైక్ అంటారట. చూడడానికి రేసు సైకిలులా ఉంటుంది గానీ టైర్లు లావు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. మట్టి దారుల్లోనూ కంకర బాటల మీదా తొక్కడానికి పనికొస్తుందట. నేహా నాలుగు ఆదివారాలు తొక్కింది. ఐదో ఆదివారం నిద్ర లేవలేదు. ఆనాటి నుంచీ అది మా బాల్కనీలో ఒక కొమ్ముకు నా తువ్వాలు, రెండో కొమ్ముకు ఉల్లిపాయల సంచీ మోస్తూ నిలబడిపోయింది.

ఒక ఆదివారం పొద్దున్న లేచి చూస్తే తువ్వాలు మడతపెట్టి కుర్చీ మీద ఉంది. ఉల్లిపాయలు నేల మీద ఉన్నాయి. సైకిలు లేదు. దొంగలు పడ్డారనుకున్నాను. దొంగలు తువ్వాలు మడతపెట్టరని ఆలోచించేలోపు వాసవి వచ్చింది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఉంది. సల్వారు నిండా సర్కారు తుమ్మ ముళ్ళు.

"సంజయ్ వన్ దాకా వెళ్ళొచ్చానండీ. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి లోపలికి వెళ్ళలేదు చూశారా. మట్టి దారులు ఎంత బావున్నాయో. నెమళ్ళు కోళ్ళలా తిరుగుతున్నాయి," అంది.

"నీకు సైకిలు తొక్కడం వచ్చా?" అన్నాను. అప్పటికి మా పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు.

"అదేం ప్రశ్నండీ. మా నాన్న సైకిలు మీదే కదా పెరిగాను," అని లోపలికి వెళ్ళి కుక్కరు పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా మామగారు తాతారావుగారు పెనుగొండ దగ్గర కాలువ మీద లస్కరు. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. కాలువ గట్టును కనిపెట్టుకుని ఉండే మనిషి లస్కరు. ఫలానా రాయి నుంచి ఫలానా రాయి దాకా అని గట్టు అప్పగిస్తారు. రోజూ తెల్లారేసరికి సైకిలు మీద పార కట్టుకుని ఆ మేరంతా తిరగాలి. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు పూడ్చాలి. తూము తలుపులు ఎత్తాలి, దించాలి. గట్టు చెమరిస్తే కనిపెట్టాలి. గండి పడితే అందరికంటే ముందు మాట పడేది లస్కరే. ఆ సైకిలు మీద బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుని, సెలవు రోజుల్లో ఆయన వెంట గట్టంతా తిరిగిన పిల్ల మా ఆవిడ.

మా పెళ్ళినాటికి నేనూ చిన్న గుమస్తానే గనక నాకు ఇందులో తక్కువేమీ కనిపించలేదు. ప్రమోషన్లు వచ్చేకొద్దీ నా నాలుక మారింది. ఢిల్లీలో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలోనో, ఆఫీసు విందుల్లోనో ఎవరైనా 'మీ మామగారు ఏం చేసేవారండీ' అని అడిగితే, 'ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్' అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు. వినేవాళ్ళు ఇంజనీరు అనుకునేవారు. నేను అనుకోనిచ్చేవాణ్ణి. వాసవి పక్కనే ఉండి వినేది. ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ ప్రశ్న ఎవరు వేసినా నా వంక చూసేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. మామగారు పోయి పన్నెండేళ్ళయింది.

సరే, సైకిలు సంగతికి వద్దాం. సంజయ్ వన్ అయ్యాక ఆగ్రా కాలువ మొదలయింది. కాళింది కుంజ్ దగ్గర యమునలోంచి చీలి ఫరీదాబాద్ వైపు పోయే కాలువ అది. నల్లటి నీళ్ళు, నురగ, వాసన. నేను ముక్కు మూసుకుని కారులో దాటేవాణ్ణి. వాసవి మొదటిసారి దాని గట్టు మీద తొక్కి ఇంటికి వచ్చిన రోజు మొహం వెలిగిపోయింది.

"ఏవండీ, ఇక్కడా గట్టుందండీ. రాళ్ళ మీద నంబర్లు కూడా మన దగ్గరలాగే వేశారు," అంది.

అక్కడే భానుశ్రీ పరిచయమయింది. వరంగల్ అమ్మాయి, ముప్పై రెండేళ్ళు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మట్టి దారుల్లో సైకిలు తొక్కేవాళ్ళ జట్టు ఒకటి నడుపుతుంది. వాళ్ళందరికీ కళ్ళజోళ్ళు, గ్లౌజులు, ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలు. వాళ్ళ మధ్య మా ఆవిడ సల్వార్ కమీజుతో, జడ మీద హెల్మెట్టుతో. దారిలో జట్టంతా ఫొటోల కోసం ఆగితే, తను బొరియ కనబడితే ఆగేదట. దిగి, మట్టి పెళ్ళలు వేసి, కాలితో తొక్కి, మళ్ళీ ఎక్కేదట. భానుశ్రీ నవ్వుతూ ఈ మాట చెప్పినప్పుడు నాకు తల తీసేసినట్టయింది.

"ఢిల్లీలో కాలువ గట్లు బాగుచేయడం నీ పనా?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఎవరి గట్టయితే ఏంటండీ, చూసి వదిలేస్తామా," అంది.

పోయిన ఫిబ్రవరిలో వాసవి పడింది. సంజయ్ వన్‌లో మలుపు తిరుగుతుంటే నీల్‌గాయి, అదే మనుబోతు, అడ్డం వచ్చిందట. దాన్ని తప్పించబోయి రాళ్ళ మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. ఆ ఆరు వారాలూ వంట నేను చేశాను. నేహా ఒకసారి తిని చూసి, ఆ తర్వాత వచ్చినప్పుడల్లా బయటి నుంచి తెప్పించడం మొదలుపెట్టింది.

నాకు భయం పట్టుకుంది. ఈ మాట అప్పుడు చెప్పలేదు. కోపంగా మాట్లాడాను. భయాన్ని కోపంగా మార్చి చెప్పడం మగవాళ్ళకి సులువు. 'ఈ వయసులో ఇదేం పిచ్చి' అన్నాను. 'నలుగురూ నవ్వుతున్నారు' అన్నాను. నవ్వినవాళ్ళెవరో అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయేవాణ్ణి. ఆవిడ అడగలేదు. కట్టు విప్పిన రోజున మాత్రం నెమ్మదిగా, "దసరా అయ్యాక గంగ కాలువ మీద వంద కిలోమీటర్ల రైడ్ ఉందండీ. అది చెయ్యాలని ఉంది," అంది.

నేను ఆఫీసువాణ్ణి కదా, కాయితం తీశాను. షరతులు రాశాను. వంద కిలోమీటర్లూ గడువు లోపల, అంటే సాయంత్రం నాలుగింటికల్లా పూర్తి చేస్తే ఇక సైకిలు గురించి నేను జన్మలో నోరెత్తను. ఒక్క నిమిషం ఆలస్యమైనా, మధ్యలో మానేసినా, సైకిలు నేహాకి తిరిగిచ్చేయాలి, నేహా దాన్ని అమ్మేయాలి, వాసవి మళ్ళీ ఏ సైకిలూ ముట్టకూడదు. కింద తేదీ వేసి సంతకానికి చోటు వదిలాను. నిజం చెప్పాలంటే, వందమందిలో సగంమంది పూర్తి చేయలేరని ఎక్కడో చదివాకే ఆ షరతు పెట్టాను.

నేహా ఫోనులో మండిపడింది. "పాపా, దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్. అబ్ వో మమ్మీ కీ సైకిల్ హై," అంది, అదిప్పుడు మమ్మీ సైకిలని.

వాసవి చదివింది, ఎడమ చేత్తో సంతకం పెట్టింది. కుడి చెయ్యి ఇంకా వంగడం లేదు.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆ చేతిని ఎలా దారికి తెచ్చుకుందో చూశాను. ముందు రబ్బరు బంతి పిసికింది. తర్వాత చపాతీ పిండి. తర్వాత నీళ్ళ బిందె. మే నెల ఎండల్లో నాలుగున్నరకే లేచి కాలువ గట్టు చేరి, ఏడున్నరకల్లా తిరిగి వచ్చి బడికి వెళ్ళేది. చూసీ చూడనట్టు పేపరు వెనక దాక్కున్నాను. ఆవిడ ఓడిపోవాలని కోరుకుంటూ, ఆవిడ కోసం ఫ్లాస్కులో మజ్జిగ పోసిపెట్టేవాణ్ణి.

దసరా వెళ్ళింది. ఏటా దసరా నుంచి దీపావళి దాకా గంగ కాలువ కట్టేసి పూడిక తీస్తారు. ఢిల్లీకి వచ్చే నీళ్ళలో కొంత అందులోంచే కాబట్టి ఆ రోజుల్లో మా కుళాయి సన్నబడుతుంది. ఆ వారమంతా నేను బకెట్లు నింపుతూ, నీళ్ళవాళ్ళని తిడుతూ, ఒక ఫిర్యాదు కూడా రాశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

ఆదివారం తెల్లవారుజామున వాసవిని కారులో కాలువ ఒడ్డున ఉన్న మురాద్‌నగర్ తీసుకెళ్ళాను. నలభై రెండుమంది వచ్చారు. అందరికంటే పెద్దది మా ఆవిడే. మిగతావాళ్ళ జేబుల్లో బలానికి పిండుకుని తాగే ఏవేవో గొట్టాలు, మా ఆవిడ సంచీలో పులిహోర పొట్లం. నిర్వాహకుల పిల్లవాడు మైకులో నిబంధనలు చెప్పాడు. పక్కా బాట ఉన్న గట్టు వెంట పైకి యాభై కిలోమీటర్లు వెళ్ళాలి. అక్కడ వంతెన దాటి, అవతలి మట్టి గట్టు వెంట తిరిగి రావాలి. మూడు చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. మూడో ముద్ర పడ్డాక ఏ గట్టున వచ్చినా సరే. కాలువను వదిలి ఊళ్ళలోంచి రాకూడదు. ఏడింటికి మొదలు, నాలుగింటికి ఆఖరు.

వాసవి వెళ్ళేముందు తన ఫోను నా ఫోనుతో కలిపింది. తను ఎక్కడుందో నా తెర మీద చిన్న చుక్కలా కనిపిస్తుందట.

"కంగారు పడకండి. మధ్యాహ్నం ఏదైనా తినండి," అంది.

"నేనెందుకు కంగారు పడతాను," అన్నాను.

మురాద్‌నగర్ వంతెన పక్కన ఒక టీ కొట్టు ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుని ఎనిమిది గంటలు ఆ చుక్కనే చూశాను. పేపరు తెచ్చుకున్నాను గానీ విప్పలేదు. పదకొండింటికి చుక్క యాభయ్యో కిలోమీటరు దగ్గరి వంతెన చేరింది. అంత తొందరగా చేరుతుందని నేను అనుకోలేదు. మట్టి గట్టు మీద వేగం తగ్గింది. ఒంటిగంటకు ఒక చోట పావుగంట ఆగింది, పులిహోర అయి ఉంటుంది. రెండూ ఇరవైకి మూడో ముద్ర వేసే చోటు దాటింది. లెక్క వేసుకున్నాను. ఇలాగే వస్తే నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చేస్తుంది. లెక్క మళ్ళీ వేశాను, అదే వచ్చింది. సంతోషమో బాధో నాకే తెలియలేదు.

రెండూ యాభైకి చుక్క ఆగిపోయింది.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. కదల్లేదు. ఇంకా పదకొండు కిలోమీటర్లుంది. నేను గెలిచాననుకున్నాను. సైకిలు పోతుంది. ఆదివారం పొద్దున్నలు మళ్ళీ నావి. చేతులు విరగవు, పిండికట్లుండవు. ఇంకో టీ చెప్పాను. అది చేతికి వచ్చింది గానీ తాగబుద్ధి కాలేదు. కట్టు విప్పినరోజు ఎడమ చేత్తో పెట్టిన సంతకం గుర్తొచ్చింది. చపాతీ పిండి గుర్తొచ్చింది. ఇన్ని నెలలు నేను ఎవరితో పోటీ పెట్టుకున్నాను, ఎందుకు పెట్టుకున్నాను అని మొదటిసారి నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నాకు సిగ్గేసింది.

అప్పుడు చుక్క కదిలింది. ముందుకు కాదు, కొంచెం వెనక్కి. ఆగింది. మళ్ళీ కదిలింది. ఈసారి పక్కకి. గట్టు దిగి, మ్యాపులో నీలంగా ఉన్న కాలువలోకి వెళ్ళింది. నడిమధ్యకి వెళ్ళి అక్కడ నిలబడింది.

గంగ కాలువ అంటే మాటలు కాదు. పెద్ద నది అంత వెడల్పు, ఆరడుగుల మనిషి మునిగిపోయే లోతు. బెంచీ మీద నుంచి లేచాను. గ్లాసు కింద పడి పగిలింది. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. టీ కొట్టువాడి చెయ్యి పట్టుకున్నాను.

"భయ్యా, మేరీ వైఫ్ పానీ మే హై," అన్నాను. మా ఆవిడ నీళ్ళలో ఉందని.

అతను నా ఫోను చూశాడు. తర్వాత మా ముందున్న కాలువ చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"అంకుల్, నహర్ తో బంద్ హై," అన్నాడు. "పానీ కహా హై?" కాలువ కట్టేశారుగా, నీళ్ళెక్కడివని.

చూశాను. ఎనిమిది గంటలుగా నా కళ్ళ ముందే ఉంది. ఎండిన కాలువ. అడుగున బురద, అక్కడక్కడ నీటి మడుగులు, అందులో కొంగలు. వారం రోజులు బకెట్లు మోసి, ఫిర్యాదు రాసిన నాకు, కాలువ మూసి ఉందని టీ కొట్టువాడు చెబితే గానీ తట్టలేదు. బెంచీ మీద కూలబడి, చెప్పడానికి మొహమాటమేమీ లేదు, ఏడ్చేశాను. అతను పగిలిన గ్లాసు ముక్కలు ఎత్తి, అడక్కుండానే ఇంకో టీ ఇచ్చాడు.

మళ్ళీ ఫోను చూసేసరికి చుక్క అవతలి గట్టెక్కింది. పక్కా బాట ఉన్న గట్టు. మా వైపు వస్తోంది. వేగంగా వస్తోంది.

మూడూ పది. నేను టీ తాగేసి వంతెన మీదికి వెళ్ళి నిలబడ్డాను. మూడున్నర. నా పెదవుల మీద ఉన్న మాట 'రా' అన్నది ఒక్కటే. గడియారం చూడడం, దారి చూడడం, మళ్ళీ గడియారం చూడడం. మూడూ నలభై అయిదుకి చెట్ల నీడల్లోంచి నలుగురు సైకిళ్ళ మీద కనబడ్డారు. ముందున్న మనిషి చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఉంది. మోకాళ్ళ దాకా నల్లటి బురద. నన్ను చూసి చెయ్యి ఊపలేదు, రెండు చేతులూ కొమ్ముల మీదే ఉన్నాయి. మూడూ యాభై ఒకటికి ఆఖరి గీత దాటింది.

నేను అంతమందిలో అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు. తెలుగులోనే అరిచి ఉంటాను.

వాసవి దిగి, ఊపిరి తీసుకుని, సైకిలు నాకు అందించింది. "పట్టుకోండి, కార్డు అప్పగించి వస్తాను," అంది. మూడేళ్ళలో నేను ఆ సైకిలును చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. ఇంతకుముందు దాని మీద తువ్వాలు మాత్రమే వేశాను.

జరిగింది భానుశ్రీ చెప్పింది. ఆమె మొహం మీదా బురదే.

"అంకుల్, ఆంటీ ఏం చేసిందో ఎరుకనా మీకు?" అంది. "మట్టి గట్టు మీద మేం పదకొండుమందిమి వస్తున్నం. సడన్‌గా దారి లేదు. మిషన్లతోని కాలువల పూడిక తీసి గట్టు మీద పోసిండ్రు. పచ్చి బురద, అర కిలోమీటరు పొడుగు. కాలు పెడ్తే మోకాలు దాకా దిగుతుంది. ఒక దిక్కు చెరుకు తోట, ఇంకో దిక్కు కాలువ. వెనక వంతెన అయిదు కిలోమీటర్లు. పోయి అవతలి గట్టు మీద మళ్ళ ఇంత దూరం రావాలంటే నాలుగు దాటిపోతది. అందరం కూసున్నం ఇగ. ఇద్దరు వాపస్ పోయిండ్రు."

"మరి ఈవిడ?"

"ఆంటీ ఆ బురద కుప్ప దిక్కు చూసి నవ్వింది అంకుల్. మేం ఏడుస్తుంటే ఆమె నవ్వుతుంది. 'బురద పైన ఉందంటే కింద లేనట్టే కదమ్మా' అన్నది."

మిగతాది వాసవి ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. కాలువ అడుగున అక్కడక్కడ అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, రాతికట్టు కట్టి ఉంచుతారట. పూడిక తీసేవాళ్ళు ఎంత లోతు తవ్వాలో తెలియడానికి. ఆ రాయి కనబడేదాకా తవ్వాలి, కనబడితే ఆపాలి. అది ఎక్కడుందో తెలియడానికి గట్టు మీద సున్నం కొట్టిన రాయి ఒకటి పాతుతారు. ఏడాదిలో ఆ కొద్ది రోజులే ఆ రాతికట్టు బయటపడుతుంది. వాళ్ళ నాన్న ఆ రోజుల్లో పిల్లల్ని దాని మీద కాలువ దాటించేవాడట. ఇక్కడా రాయి ఉంటుందని నమ్మి వాసవి రెండు వందల గజాలు వెనక్కి వెళ్ళి గడ్డిలో వెతికింది. ఉంది. మిషను దిగిన వాలు వెంట సైకిలు దించి, ఒక చెరుకు గెడతో ముందు పొడిచి చూసుకుంటూ, సైకిలు భుజాన వేసుకుని రాతికట్టు మీద నడిచింది. మధ్యలో ఆగింది, వెంట రావడానికి ఒప్పుకున్న ముగ్గురూ ధైర్యం చాలక నిలబడిపోతే వాళ్ళని పిలవడానికి. నా చుక్క నీలం మధ్యలో నిలబడింది అందుకు. ఫోను ఎత్తకపోవడం ఎందుకంటే, ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో గెడ. సైకిలు పట్టుకున్నది విరిగిన చెయ్యే.

ఇక చివరి సంగతి. ఆ రోజు గడువులో చేరినవాళ్ళు పంతొమ్మిదిమంది. మైకు పట్టుకున్న కుర్రాడు వాసవిని ముందుకు పిలిచాడు. కాలువ దాటిన కథ అప్పటికే అందరికీ పాకింది.

"ఆంటీ, ఆప్‌కో కైసే పతా థా?" అని అడిగాడు, ఆ రాతికట్టు సంగతి ఎలా తెలుసని.

"మేరే పితాజీ నహర్ పే కామ్ కర్తే థే," అంది వాసవి, వాళ్ళ నాన్న కాలువ మీద పనిచేసేవారని. హిందీ మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం తగ్గుతుంది.

"అచ్ఛా, ఇంజనీర్ థే?" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

వాసవి నోరు తెరిచి, ఆగి, నా వంక చూసింది. నిష్ఠూరంగా కాదు, అలవాటుగా చూసింది. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు, ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ నాదే. ఏ జవాబు వస్తుందో ఆవిడకి తెలుసు. ఇవాళ కూడా అదే చెప్పినా కాదనదు.

నేను ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ ముందుకు వెళ్ళి, రెండో చేత్తో మైకు అడిగి తీసుకున్నాను.

"ఇంజనీర్ నహీ థే," అన్నాను. "లస్కర్ థే." ఆ మాట అక్కడ ఎవరికీ తెలియదు, అందుకని వివరంగా చెప్పాను. ముప్పై ఆరేళ్ళు రోజూ గట్టు మీద సైకిలు తొక్కాడని చెప్పాను. ఆయన మేరలో ఒక్కసారి కూడా గండి పడలేదని చెప్పాను. ఐదో తరగతి చదివాడని చెప్పాను. ఆయన పేరు తాతారావు అని, నేను ఆయన అల్లుణ్ణని చెప్పాను. నా హిందీ ఆఫీసు హిందీ, తడబడుతూనే ఉంది. అయినా ఎవరూ నవ్వలేదు. ముందు భానుశ్రీ, తర్వాత పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. టీ కొట్టువాడు కూడా వచ్చి నిలబడి కొట్టాడు.

వాసవి చున్నీ అంచుతో మొహం తుడుచుకుంది. బురద ఇంకాస్త పాకింది. నేను ఆవిడ వంక చూస్తూ మైకు తిరిగి ఇవ్వడం మర్చిపోయాను.

"సైకిలు సరిగ్గా పట్టుకోండి, ఒరిగిపోతోంది," అంది.

మైకు ఇచ్చేసి, రెండు చేతులతో పట్టుకున్నాను.